కంకణం ఎవరి చేతికి?



ఎన్నికలు వచ్చాయంటే ఏ పార్టీ ఎవరిని నిలబెట్టింది, ఎవరికి ఎన్ని ఓట్లు పడతాయి అని మన టీ కొట్ల దగ్గర నెల రోజుల పాటు వాదనలు నడుస్తాయి. పెళ్లి సంబంధాలు నాలుగు వస్తే ఇంటిల్లిపాదీ కూర్చొని ఏ సంబంధం మేలో తర్కించుకుంటాము. పుస్తకాలకు ఇచ్చే బహుమతుల విషయంలో మాత్రం మనకు అలాంటి ముచ్చటే లేదు. ఏటా సాధారణంగా డిసెంబరు నెలలో కేంద్ర సాహిత్య అకాడమీ వారు ఫలానా తెలుగు పుస్తకానికి బహుమతి ప్రకటించారని పత్రికలో చిన్న వార్త వస్తుంది. ఒక ఫోటో, నాలుగు వాక్యాలు. గెలిచిన పుస్తకం పేరు మన చెవిన పడేసరికే అంతా అయిపోయి ఉంటుంది. దానితో పోటీకి నిలిచిన పుస్తకాలేవో, అవి ఎందుకు నిలిచాయో మన ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోరు.

ఈ నెల మన పుటలో ఆ సంగతే మాట్లాడుకుందాము. ముఖ్యంగా స్త్రీలు వ్రాసిన కథలు, నవలలు, వాటికి వచ్చిన బహుమతులు, వాటిని చదివి తీర్పు చెప్పే చదువరులు. కుటుంబ పత్రికలో ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. చివరి వరకు చదివి మీరే చెప్పండి.

ముందుగా దూరదేశపు సంగతి ఒకటి. ఇంగ్లండులో బుకర్ బహుమతి అని నవలలకు ఇచ్చే పెద్ద బహుమతి ఉంది. 1991లో ఆ బహుమతికి తుది పోటీలో ఆరు నవలలు నిలిచాయి. ఆ ఆరింటిలో స్త్రీ వ్రాసినది ఒక్కటీ లేదు. ఆ సంవత్సరం స్త్రీలు నవలలు వ్రాయక కాదు. ఎంచినవారి కంటికి ఆనలేదు. పుస్తక ప్రచురణ రంగంలో పని చేసేవారు కొందరు కూర్చొని ఆలోచించారు. ఆ ఆలోచనలో నుండి 1996లో స్త్రీల నవలలకే ప్రత్యేకమైన బహుమతి పుట్టింది. మొదట దానిని ఆరెంజ్ బహుమతి అన్నారు. ఇప్పుడు విమెన్స్ ప్రైజ్ ఫర్ ఫిక్షన్ అంటున్నారు. మొదటి బహుమతి హెలెన్ డన్‌మోర్ అనే రచయిత్రికి వచ్చింది. బహుమతి మొత్తం 30,000 పౌండ్లు. తీర్పరులు అందరూ స్త్రీలే.

దీనికి ఎదురు మాట కూడా అప్పుడే వచ్చింది. వ్రాతలో ఆడ మగ తేడా ఏమిటి, మాకు వేరే పీట వేయవద్దు అన్నవారిలో ఎ. ఎస్. బయట్ అనే గొప్ప రచయిత్రి ఒకరు. ఆమె 1990లో బుకర్ బహుమతి గెలుచుకున్న మనిషి. ఆమె తన పుస్తకాలను ఈ పోటీకి పంపనివ్వలేదు. ఆ మాటలోనూ బలం ఉంది. గెలవగలిగినవారికి వేరే పీట అక్కరలేదు. అయితే పంక్తిలోనే చోటు దొరకనివారి సంగతి ఏమిటి అన్నది మిగిలిన ప్రశ్న.

ఆ బహుమతిలో నాకు నచ్చినది డబ్బు కాదు, దాని పద్ధతి. ముందు ఒక పెద్ద పట్టీ ప్రకటిస్తారు. కొన్ని వారాల తరువాత దానిని ఆరు పుస్తకాలకు తగ్గిస్తారు. ఆ తరువాత మరికొన్ని వారాలకు గాని విజేత పేరు చెప్పరు. ఈ మధ్య కాలంలో చదువరులు ఆ పుస్తకాలను కొని, గ్రంథాలయాల్లో తెచ్చుకొని, పదిమంది ఒకచోట చేరి చదువుతారు. ఇది బాగుంది, అది తేలిపోయింది అని వాదించుకుంటారు. చాలాసార్లు చదువరుల తీర్పు ఒకటి, తీర్పరుల తీర్పు మరొకటి అవుతుంది. అయినా నష్టం లేదు. గెలవని అయిదు పుస్తకాలు కూడా ఇళ్లలోకి వచ్చేశాయి కదా!

ఇదంతా తెల్లవారి ముచ్చట అనుకోకండి. స్త్రీల వ్రాతకు ప్రత్యేక బహుమతి అన్నది లండను వారికంటే అరవై రెండేళ్ల ముందే తెలుగువారికి ఉండేది. మద్రాసులో కేసరి కుటీరం అనే మందుల సంస్థ ఉండేది. స్త్రీల కొరకు తయారు చేసిన లోధ్ర అనే మందు దానికి పేరు తెచ్చింది. దానిని స్థాపించిన డాక్టరు కె. ఎన్. కేసరి గారు 1928లో గృహలక్ష్మి అనే స్త్రీల మాసపత్రిక ప్రారంభించారు. ఆ పత్రిక తరఫున 1934 నుండి తెలుగు రచయిత్రులకు స్వర్ణకంకణం బహూకరించేవారు. మొదటి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మ గారి చేతికి వచ్చింది. ఆమె బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి స్థాపించిన మనిషి. గృహలక్ష్మిలో శారద లేఖలు అనే పేరుతో ఒక స్నేహితురాలికి ఉత్తరాలు వ్రాస్తున్నట్లుగా ఆనాటి స్త్రీల కష్టసుఖాలన్నీ వ్రాశారు.

కంకణం అనే మాట దగ్గర కొంచెం ఆగండి. పురుషులకు ఇచ్చే సన్మానాలు శాలువలు, బిరుదులు, గజారోహణాలు. స్త్రీకి బంగారు కంకణం. అది చేతికి తొడుక్కునేది. రుబ్బురోలు తిప్పిన చేతికే, బిడ్డను ఎత్తిన చేతికే, కలం పట్టిన చేతికే. ఇచ్చినవారు ఇంత ఆలోచించి ఇచ్చారో లేదో గాని, తగిన బహుమతే ఇచ్చారు.

ఇక కేంద్ర సాహిత్య అకాడమీ లెక్కకు వద్దాము. అకాడమీ 1954లో ఏర్పడింది. 1955 నుండి బహుమతులు ఇస్తున్నది. ఇప్పుడు 24 భాషలకు ఇస్తున్నారు. లక్ష రూపాయల నగదు, ఒక రాగి ఫలకం ఇస్తారు. ఆ ఫలకం రూపు గీసినది సినిమాలు తీసిన సత్యజిత్ రాయ్ గారే. మొదటి సంవత్సరం 1955లోనే తెలుగు బహుమతి మన పాలమూరు నేలకు వచ్చింది. గద్వాల ప్రాంతం వాడైన సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆ గౌరవం పొందింది. అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్లయింది. 2007లో అలంపురం గడియారం రామకృష్ణ శర్మ గారి శతపత్రమునకు వచ్చింది. అదీ ఆయన మరణానంతరమే. 2021లో మన నాగర్‌కర్నూల్ వైపు బిడ్డ గోరటి వెంకన్న గారి వల్లంకి తాళం గెలుచుకున్నది. వెనుకబడిన జిల్లా అని పేరుబడ్డ నేలకు ఇది చిన్న ఘనత కాదు. కొల్లాపూర్, గద్వాల, వనపర్తి సంస్థానాల కాలం నుండి ఈ నేలకు కవులను ఆదరించిన పేరు ఉన్నది.

ఇప్పుడు మరో లెక్క. 1955 నుండి 2024 వరకు, అంటే 70 సంవత్సరాలలో, ఈ బహుమతి పొందిన తెలుగు స్త్రీలు ఎందరు? అయిదుగురు. మొట్టమొదట 1982లో ఇల్లిందల సరస్వతీదేవి గారు, స్వర్ణకమలాలు కథలకు. 1992లో మాలతీ చందూర్ గారు, హృదయ నేత్రి నవలకు. 2005లో అబ్బూరి ఛాయాదేవి గారు, తన మార్గం కథలకు. 2013లో కాత్యాయనీ విద్మహే గారు, సాహిత్యాకాశంలో సగం అనే విమర్శ గ్రంథానికి. 2015లో ఓల్గా గారు, విముక్త కథలకు. మొదటి స్త్రీ పేరు రావడానికే 27 ఏళ్లు పట్టింది. జ్ఞానపీఠం సంగతి చెప్పనే అక్కరలేదు. 1970లో విశ్వనాథ సత్యనారాయణ, 1988లో సి. నారాయణరెడ్డి, 2012లో రావూరి భరద్వాజ గార్లు తెలుగుకు ఆ గౌరవం తెచ్చారు. తెలుగు స్త్రీకి అది ఇంకా రాలేదు.

తెలుగు స్త్రీలు వ్రాయడం ఆలస్యంగా మొదలుపెట్టారా అంటే అదీ కాదు. భండారు అచ్చమాంబ గారి ధనత్రయోదశి కథ 1902లో వచ్చింది. తెలుగు కథానిక పుట్టుక గురించి పండితులు చర్చించేటప్పుడు ఆ కథను ముందు వరుసలో నిలుపుతున్నారు. 1960ల తరువాత వారపత్రికలలో స్త్రీల నవలల కొరకు ఇంటింటా ఎదురు చూసిన కాలాన్ని మన తల్లులు ఎరుగుదురు. వ్రాసేవారికీ కొదువ లేదు, చదివేవారికీ కొదువ లేదు. తూచే చోట కొదువ ఉన్నది.

ఈ అయిదుగురి పట్టీని మా కొల్లాపూర్ సంఘంలోని సహోదరీల ముందు పెట్టాము. ఎవరికి ఇవ్వాలో మీరే తేల్చండి, మీరే తీర్పరులు అన్నాము. పదకొండు మంది ముందుకు వచ్చారు. వారిలో ఉద్యోగ విరమణ చేసిన పంతులమ్మ ఒకరు, నర్సు ఒకరు, అంగన్‌వాడీ టీచరు ఒకరు. మామిడి తోటల్లో కూలికి పోయేవారు నలుగురు. కుట్టుమిషను మీద ఇల్లు గడుపుకొనే తల్లి, డిగ్రీ రెండవ సంవత్సరం చదివే ఆమె కూతురు. ఇద్దరు ముసలమ్మలు. వీరిలో నలుగురికి చదవడం రాదు. అందుకని చదివే పని ఆ డిగ్రీ పిల్లకు, పంతులమ్మకు అప్పగించారు. మూడు శనివారాలు మధ్యాహ్నం భోజనాల తరువాత కూర్చున్నారు. నాకు మూలన కూర్చొని వ్రాసుకొనే పని ఇచ్చారు, మాట్లాడవద్దని షరతు.

వారు పెట్టుకున్న నియమం ఒక్కటే. బాగుంది, బాగాలేదు అని ఊరికే అనకూడదు, ఎందుకో చెప్పాలి.

మొదటి శనివారమే ఒక చిక్కు వచ్చింది. సరస్వతీదేవి గారి స్వర్ణకమలాలు ఎంత వెదికినా మాకు దొరకలేదు. "బహుమతి ఇచ్చిన పుస్తకమే జనానికి దొరక్కపోతే ఆ బహుమతి ఎవరికి ఇచ్చినట్టు?" అని నర్సు అడిగింది. మొదటి తీర్పు అదే అనుకున్నాను. కాత్యాయని గారి పుస్తకం విమర్శ కనుక కథల పోటీలో పెట్టలేదు. కాని ఆ పేరులోని సగం అనే మాట మూడు వారాలూ వారి నోట నానింది. అయిదింటిలో రెండు తగ్గాయి గనుక, మన వైపు మాట ఒకటైనా ఉండాలని తెలంగాణ దళిత రచయిత్రి గోగు శ్యామల గారి కథలను పంతులమ్మ పట్టీలో చేర్చింది. తాండూరు వైపు పల్లెలు, మాదిగవాడ బాల్యం ఆ కథలలో ఉంటాయి. అవి 2012లో ఇంగ్లీషులో పుస్తకంగా వెళ్లి దూరదేశాల చదువరులను కూడా చేరాయి. దళిత స్త్రీల వ్రాతలను నల్లపొద్దు అనే సంకలనంగా కూర్చినదీ ఆమే. అకాడమీ పట్టీలో ఇటువంటి వాడల నుండి కథ చెప్పిన తెలుగు స్త్రీ పేరు ఇంకా లేదు.

మాలతీ చందూర్ గారి పేరు వినగానే పంతులమ్మ ముఖం వెలిగింది. ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షికను ఆమె కొన్ని దశాబ్దాల పాటు నడిపారు. తెలుగు ఆడవారు ఇంట్లో ఎవరినీ అడగలేని ప్రశ్నలు ఆమెకు వ్రాసి అడిగేవారు. వంటల పుస్తకం వ్రాశారు. పాత కెరటాలు అనే శీర్షికతో ఇంగ్లీషు నవలల కథలను తెలుగు ఇళ్లకు పరిచయం చేశారు. హృదయ నేత్రి నవల స్వాతంత్ర్య పోరాట కాలం నాటి ఆశయాలతో మొదలై, అవి తరువాత ఏమయ్యాయో చూపిస్తుంది. "నవల పెద్దది, పేర్లు గుర్తుండయి. కాని ఆశపడి త్యాగం చేసినోళ్లు చివరికి ఒంటరిగ మిగిలిపోతరు అన్నది మాత్రం నిజం" అని అంగన్‌వాడీ టీచరు అన్నది.

ఓల్గా గారి విముక్త దగ్గర కొంత సంకోచం కలిగింది. రామాయణంలోని సీత వనవాసంలో శూర్పణఖను, అహల్యను, రేణుకను, చివరికి ఊర్మిళను కలుసుకోవడం ఆ కథల వస్తువు. అన్య మతస్థుల గ్రంథంలోని పాత్రలు మనకెందుకని ఒకరు, పొరుగువారు పూజించే పాత్రల గురించి తొందరపడి మాట్లాడకూడదని మరొకరు. రెండవ మాట నాకు నచ్చింది. అప్పుడు పంతులమ్మ శూర్పణఖ కథ చదివింది. రూపం పాడు చేయబడిన ఒక స్త్రీ అడవిలో తోట పెంచుకొని, తన చేతులతో అందాన్ని చేసుకుంటూ బ్రతుకుతుంటుంది. చదవడం అయ్యాక మామిడి తోటలో పని చేసే ఒక సహోదరి "నా ముఖం కాలినప్పుడు నన్నెవరూ పెళ్లిళ్లకు పిలువలే" అన్నది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమె మా ఎవరితోనూ అనలేదు. ఆ తరువాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

శ్యామల గారి కథ ఒకదానికి మన సామెతే పేరు. చదివే పిల్ల "ఏనుగంత తండ్రి కన్నా" అనేసరికి మూలన ఉన్న ముసలమ్మ "ఏకుల బుట్టంత తల్లి నయం" అని పూర్తి చేసింది. దూది వడికే ఏకులు పెట్టుకొనే బుట్ట ఎంత ఉంటుందో ఆ తరం వారికి తెలుసు. తన నోటి మాట పుస్తకానికి ఎక్కిందని ఆమె ఆశ్చర్యపోయింది. "గిది మా అమ్మ అనేటి మాట. దీన్ని గుడ రాస్తరా బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది.

ఛాయాదేవి గారి తన మార్గం పుస్తకం ఒక్క ప్రతి దొరికింది. దానితో పాటు ఆమె వ్రాసిన బోన్‌సాయ్ బ్రతుకు కథ కూడా చదివారు. అది ఒకప్పుడు పదో తరగతి తెలుగు వాచకంలో పాఠంగా ఉండేది. చిన్నప్పుడే చదువు ఆగిపోయిన అక్కయ్య, ఉద్యోగం చేసుకొంటున్న చెల్లెలి ఇంటికి వస్తుంది. అక్కడ కుండీలో పొట్టిగా పెంచిన తురాయి చెట్టు, దానిమ్మ చెట్టు చూస్తుంది. అదే సమయంలో వీధిలో స్వేచ్ఛగా ఎదిగిన తురాయి చెట్టు గాలివానలో జనానికి ఆసరా ఇస్తుంది. ఇంతే కథ. ఎవరూ ఎవరినీ తిట్టరు.

మామిడి చెట్టు ఎలా ఎదుగుతుందో కొల్లాపూర్ వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పెద్ద ముసలమ్మ "గంత చెట్టును కుండల వెట్టి, ఏర్లు కత్తిరించి, ముద్దుగున్నదని సూస్తరా? దానికి నొయ్యదా?" అన్నది. దాని మీద పెద్ద వాదనే జరిగింది. కత్తిరించేవారు ప్రేమతోనే కదా చేస్తారు, నీళ్లు పోస్తారు, ఎండ తగలకుండా చూస్తారు అని ఒకరు. ప్రేమ లేక కాదు, భయం ఎక్కువై అని మరొకరు. అప్పటి వరకు మాట్లాడని కుట్టుమిషను తల్లి తల వంచుకొనే అన్నది: "నా బిడ్డకు నేనే కత్తెర వట్టిన. డిగ్రీ ఆపేసి సంక్రాంతి నాటికి పెళ్లి చేద్దామని సంబంధం సూస్తున్నం." ఆ బిడ్డ చేతిలోనే పుస్తకం ఉన్నది. ఆమె తలెత్తలేదు.

చివరి శనివారం ఓట్లు వేశారు. ఛాయాదేవి గారికి ఆరు, శ్యామల గారికి మూడు, ఓల్గా గారికి ఒకటి, మాలతీ చందూర్ గారికి ఒకటి. ఆ చివరి ఓటు పంతులమ్మది. ఎంత చెప్పినా ఆమె మార్చుకోలేదు. "ఆమె ప్రమదావనం లేకపోతే నేను ఉద్యోగానికి పోయేదాన్నే కాదు" అన్నది. పుస్తకానికి ఓటు వేయాలి గాని మనిషికి కాదని నర్సు వాదించింది. ఆ వాదన ఇంకా తేలలేదు. పెద్ద పెద్ద తీర్పరుల మధ్య కూడా తేలని వాదన అది.

ఇదంతా అందరికీ నచ్చిందని చెప్పను. సంఘ పెద్ద ఒకాయన నా దగ్గరకు వచ్చారు. "అయ్యగారూ, ప్రార్థన కూడికకు రమ్మంటె పనులున్నయంటరు. కథలకైతె మూడు శనివారాలు కూసున్నరు. ఇట్ల చదువుకుంట పోతె రేపు ఇండ్లల్ల ఎదురు మాట్లాడరా?" అన్నారు. ఆయన మంచివారు, భయంతో అడిగిన ప్రశ్న గనుక వాదించక, ఆయనకు ఒక నవల కథ చెప్పాను.

పైన చెప్పిన లండను బహుమతి 2009లో మెరిలిన్ రాబిన్సన్ అనే అమెరికా రచయిత్రి వ్రాసిన హోమ్ నవలకు వచ్చింది. ఒక చిన్న ఊరిలో వృద్ధుడైన పాస్టరు. ఇరవై ఏళ్ల క్రితం ఇల్లు విడిచి పోయిన కొడుకు తిరిగి వస్తాడు. తండ్రి క్షమించాలని ఎంతో ఆశపడతాడు. క్షమాపణ గురించి జీవితమంతా ప్రసంగించిన ఆ మనిషికి, సొంత బిడ్డ ఎదుట కూర్చున్నప్పుడు అది ఎంత కష్టమో ఆ నవల చూపుతుంది. తప్పిపోయిన కుమారుని ఉపమానం మనకు కంఠతా వచ్చు. అందులో తండ్రి ఉన్నాడు, ఇద్దరు కొడుకులు ఉన్నారు. ఈ నవలలో మరొకరు ఉన్నారు. తండ్రిని కనిపెట్టుకొని, వంట చేసి, అన్నకు పడక సిద్ధం చేసి, ఇద్దరి మధ్యా నలిగే కూతురు. కథంతా ఆమె కళ్లతోనే చూస్తాము. ఉపమానంలోని ఆ ఇంట్లో విందుకు వంట ఎవరు చేసి ఉంటారు అని ఆలోచించడం నాకు ఆ నవల వలననే అలవాటయింది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "ఆ బిడ్డ పేరేంది?" అని అడిగారు. గ్లోరీ అని చెప్పాను. మన మాటలో మహిమ. ఆయన తల ఆడించి వెళ్లిపోయారు. ఆయన మనసు మారిందని చెప్పడానికి నాకు ఆధారం లేదు. అయితే ఆ తరువాత ఆయన కోడలు రెండవ విడత చదువుకు వస్తానని పేరు ఇచ్చింది.

ఎదురు మాట్లాడతారా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఒక పుస్తకం మీద కారణం చూపి మాట్లాడడం నేర్చుకొన్న మనిషి ఇంటి సంగతి మీద కూడా కారణం చూపి మాట్లాడుతుంది. అది ఇంటికి మేలే గాని కీడు కాదు. ఇన్నాళ్లూ నీకేమనిపిస్తున్నది అని అడగబడని మనిషిని ఒకసారి అడిగి చూడండి. బహుమతి ఎవరికి వచ్చినా, ఆ అడగడమే చదువరుల కూటమి చేసే అసలు పని. 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతి మన పొరుగు కన్నడ నాట హాసన్‌కు చెందిన బాను ముష్తాక్ గారికి వచ్చింది. హార్ట్ ల్యాంప్ అనే ఆ పుస్తకంలో ఉన్నవి పన్నెండు కథలు. 1990 నుండి 2023 వరకు ముస్లిం కుటుంబాల స్త్రీల గురించి ఆమె కన్నడంలో వ్రాసుకుంటూ వచ్చినవి. దీపా భస్తీ గారు వాటిని ఇంగ్లీషు చేశారు. కథానికల సంపుటికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. పెద్ద నగరాల వారు గుర్తించక ముందు ముప్పై ఏళ్లు ఆ కథలను ఎవరు బ్రతికించారు? చదివి, ఒకరికొకరు చెప్పుకొన్న కన్నడ చదువరులే.

మీ ఊరిలో కూడా ఈ పని చేయవచ్చు. పెద్ద ఖర్చు లేదు. నాలుగు పుస్తకాలు చాలు. మండల గ్రంథాలయంలో అడగండి, లేకుంటే పదిమంది చందా వేసుకొని ఒక్కొక్క ప్రతి తెప్పించండి. పూర్తి పుస్తకం కుదరకపోతే ఒక్కొక్క రచయిత్రి కథ ఒక్కటి చాలు. చదవడం రానివారిని తప్పక పిలవండి; వారికి వినిపించే పని చదువుకొనే పిల్లలకు ఇవ్వండి. ముందుగా వారి అభిప్రాయమే అడగండి, చదువుకొన్నవారు చివరన మాట్లాడాలి. లేకుంటే అందరూ పంతులమ్మ మాటనే తిరిగి చెబుతారు. పురుషులు వచ్చి కూర్చోవచ్చు, మొదటి రెండు వారాలు వినడానికి మాత్రమే. ఓట్లు చీటీల మీద వేయించండి. వ్రాయడం రానివారికి పుస్తకానికొక గింజ గుర్తు పెట్టండి. మావారు చింతగింజ, కందిగింజ, మక్కగింజ, సీతాఫలం గింజ పెట్టుకొన్నారు.

ఆ కుట్టుమిషను తల్లి ఇంటి సంగతి అడుగుతారని తెలుసు. సంబంధం మాట ఇంకా తెగలేదు. పిల్లవాని తరఫువారు తొందర పెడుతున్నారట. తండ్రి ఇంకా ఏమీ అనలేదు. కాని గడువు తేదీకి రెండు రోజుల ముందు ఆ తల్లి స్వయంగా కాలేజీకి వెళ్లి బిడ్డ పరీక్ష ఫీజు కట్టి వచ్చింది.

మీ ఊరి కూటమిలో ఏ పుస్తకాలు పట్టీలో పెట్టారు, ఎవరికి ఎన్ని గింజలు పడ్డాయి, ఎవరు ఎవరితో విభేదించారు, మాకు వ్రాయండి. గెలిచిన పుస్తకం పేరు ఒక్కటే వ్రాసి ఊరుకోవద్దు. ఓడిన పుస్తకానికి ఓటు వేసినవారు చెప్పిన కారణం కూడా వ్రాయండి. వీలైనన్ని ఈ పుటలోనే వేసుకుందాము.

మీ సహోదరుడు,
పాస్టరు, కొల్లాపూర్